ఇంకా తినలేదు

నాలుగున్నరకి గంట.
ఐజ్వాల్‌లో మబ్బు మాకంటే ముందే లేచి
మెట్ల మీద కూర్చుని ఉంటుంది.
దాన్ని తప్పించుకుంటూ బకెట్లతో దిగుతాం.
ట్యాంకరు వచ్చే రోజు ప్రార్థన కాస్త పొట్టిది,
ఆ సంగతి దేవుడికీ తెలుసు, వార్డెనుకీ తెలుసు.

వాక్యం నేర్పుతారని వచ్చాను.
ముందు సైకిలు నేర్పారు.
కొండల్లో పుట్టినవాళ్లం. మా దారులకి
ఎక్కడమూ దిగడమూ తప్ప ఇంకేం తెలియదు.
మేం వెళ్లబోయే కంబోడియా
చాప పరిచినట్టు ఉంటుందట.
ఇరవయ్యారేళ్ల వయసులో, ఫుట్‌బాల్ మైదానంలో,
కట్టుకున్న పువాన్ మోకాళ్ల దాకా ఎగదోపి
నేను పడ్డప్పుడల్లా పక్క బడి పిల్లలు లెక్కపెట్టారు.
తొమ్మిది.
పదోసారి పడలేదు గాని, ఆపడం చేతగాక
తిన్నగా వలలోకి దూసుకుపోయాను.
గోల్! అని అరిచారు వెధవలు.

శుక్రవారం పద్దుల తరగతి.
మా పేటలో ఏ ఇంట్లోనైనా, ఏ పూటైనా,
ఎసట్లో బియ్యం పోసే ముందు
ఒక గుప్పెడు పక్క డబ్బాలో పడుతుంది.
అది చర్చిది.
ఆ గుప్పెళ్లు అమ్మిన డబ్బే నా నిఘంటువు,
నా టీకాలు, నా దోమతెర,
వంకర పోయిన ఆ హ్యాండిలు మరమ్మతు కూడా.
థాంగ్‌ఖూమి గారి చెయ్యి మరీ చిన్నది.
అందుకని ఆవిడ రెండుసార్లు వేస్తుందట.
ఈ మాట విన్నాక
క్లాసులో ఆవలింత వచ్చినా భయమే,
ఎన్ని గుప్పెళ్ల ఆవలింత ఇది?

మధ్యాహ్నం చాంతూ టీచరు.
బట్టంబాంగ్ మనిషి. గొంతు సన్నం, పట్టు గట్టి.
బోర్డు మీద మూడు మాటలు రాసింది:
స్రవ్, పొట్టు ఉన్నది.
అంకా, పొట్టు పోయినది.
బాయ్, ఉడికినది.
నా చెయ్యి దానంతటదే లేచింది.
మాకూ మూడే! బూ, బూఫై, చో!
ఇంగ్లీషు పుస్తకంలో మూడింటికీ ఒకటే మాట.
వాళ్లెప్పుడూ దంచినట్టు లేరు, అంది జోథన్‌సాంగి.
టీచరు నవ్వడం ఆ రోజే చూశాను.

తరగతి మధ్యలో ఒక తలుపుంది.
గోడ లేదు, ఇల్లు లేదు,
ప్లైవుడ్ చట్రం, గడియ, అంతే.
అవతల టీచరు ముసలమ్మలా కూర్చుంటుంది.
ఇవతల నుంచి మేం ఒక్కొక్కరం తట్టాలి.

తట్టాను.
న్యామ్ బాయ్ హై నౌ? అంది. అన్నం తిన్నావా?
నేను నెల రోజులుగా నూరిన నాలుగు వాక్యాలూ
ఊపిరి తీయకుండా అప్పజెప్పాను,
లోకాన్ని ప్రేమించిన వాడి సంగతంతా.
తలుపు మూసుకుంది.
మర్నాడు చిరునవ్వు కలిపి చెప్పాను. మూసుకుంది.
మూడోనాడు స్వరం తగ్గించి.
మూసుకుంది.
గోడ లేదు కదా, పక్కనుంచి తొంగి చూస్తే
వేళ్లకి సుద్ద తుడుచుకుంటూ
ఎవరూ రానట్టే కూర్చుని ఉంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
తప్పు వ్యాకరణంలో ఉందనుకుని
దుప్పటి కింద టార్చి వేసి పుస్తకమంతా గాలించాను.

నాలుగోనాడు నీళ్లు రాలేదు, టిఫిను లేదు,
వర్షంలో సైకిలు తోసుకుంటూ ఆలస్యంగా వచ్చి
తడి చేత్తోనే తట్టాను.
న్యామ్ బాయ్ హై నౌ?
అట్ తోన్ తే, అన్నాను.
ఇంకా తినలేదు.
అది పాఠం కాదు. నిజంగానే తినలేదు.

గడియ తీసింది.
టిఫిను డబ్బా మూత తీసింది.
పులిసిన చేప వాసన,
మా ఇంటి సా-ఉమ్‌కి పెదనాన్న కూతురు లాంటి వాసన,
ఉత్త చట్రం దాటుకుని నా దాకా వచ్చింది.
మరి వాక్యం? అన్నాను, నోట్లో ముద్దతోనే.
ముందు మింగు, అంది.

బయట, స్టాండు వేయడం మరిచిన సైకిలు
దబ్బున పడింది.
ఎక్కడో ఒక పిల్లాడి గొంతు,
పది!